కృష్ణమ్మ దీవులకు ఏ కాలంలో పోవాలి

సెలవులకు ఎటు పోదామనే మాట ఇంట్లో మొదలైతే ముందు పిల్లల బడి సెలవులు చూస్తాం, తర్వాత చేతిలో డబ్బు చూస్తాం, ఆ తర్వాత బండి టైర్లు చూస్తాం. దీవికి పోయేవాళ్ళు వీటన్నిటికంటే ముందు చూడవలసింది నీటిమట్టం. ఇవాళ నేను చెప్పబోయేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

దీవులంటే అండమాన్, లక్షదీవులు, శ్రీలంక అనుకుంటాం. నల్లగొండ, పాలమూరు రాళ్ళ నేలలో దీవులెక్కడివని నన్ను అడిగినవాళ్ళున్నారు. మన దగ్గరా ఉన్నాయి. కృష్ణ నారాయణపేట జిల్లా తంగిడి దగ్గర మన రాష్ట్రంలోకి వస్తుంది, అక్కడే భీమా నదిని కలుపుకుంటుంది. అక్కడి నుంచి కాస్త కిందికి, మక్తల్ వైపు పంచదేవ్‌పహాడ్ రేవుకు ఎదురుగా కురువపురం ఉంది. శ్రీపాద శ్రీవల్లభుల క్షేత్రం. దీవి కర్ణాటకలోని రాయచూరు జిల్లా లెక్కలోకి వస్తుంది, ఇవతలి రేవు మాత్రం మనది. జూరాల దాటితే గద్వాల దగ్గర గుర్రంగడ్డ. చుట్టూ కృష్ణ, నడుమ ఊరు, పొలాలు, బడి. ఇంకా కిందికి బీచుపల్లి, అలంపురం. తర్వాత శ్రీశైలం జలాశయం పరుచుకుంటుంది. కొల్లాపూర్ దగ్గరి సోమశిల రేవులో నిలబడితే ఆవలి దిక్కున సప్తనదుల సంగమేశ్వరం. అక్కడి నుంచి నల్లమల దాటి శ్రీశైలం చూసుకుని, తిరుగు దారిలో మన్ననూరు, దిండి, దేవరకొండ మీదుగా వస్తే నాగార్జునసాగర్. ఆ సాగరం నడుమ నాగార్జునకొండ.

ఈ దారంతా కారులో నాలుగైదు రోజుల్లో నిదానంగా చుట్టి రావచ్చు. రోడ్డు సంగతి పెద్ద చిక్కు కాదు. రోడ్డు ఎక్కడ ఆగిపోయి నీళ్ళు మొదలవుతాయో అక్కడే అసలు ప్రశ్న. పుట్టి నడుస్తుందా? లాంచీ తిరుగుతుందా? గుడి నీళ్ళ పైన ఉందా, నీళ్ళ కింద ఉందా? వీటికి జవాబు క్యాలెండర్‌లో దొరకదు.

ఎందుకంటే కృష్ణకు మన వానతో పెద్దగా పని లేదు. పాలమూరులో ఏడాదికి కురిసేది 600 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, నల్లగొండలో 700 చుట్టుపక్కల. నది పుట్టిన మహాబలేశ్వరంలో 5,000 మిల్లీమీటర్లు దాటి కురుస్తుంది. పడమటి కనుమల మీద ఆ వాన కురిసి, ఆలమట్టి నిండి, నారాయణపూర్ నిండి, అప్పుడు జూరాలకు వరద వస్తుంది. జూరాల నుంచి శ్రీశైలం, శ్రీశైలం నిండాక సాగర్. అందుకని మన ఊళ్ళో మృగశిర కార్తెలో నేల తడిసి విత్తనం పడ్డా, సాగర్ మాత్రం అడుగంటే ఉంటుంది. మన చేలు ఎండుతున్న శ్రావణంలో సాగర్ గేట్లు ఎత్తిన ఏళ్ళూ ఉన్నాయి. నది కాలం వేరు, మన కాలం వేరు.

2023 సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఎగువన వానలు వెనకబట్టాయి, సాగర్ నిండలేదు, ఎడమ కాలువ కింద వానకాలం పంటకు నీళ్ళు అందలేదు. తర్వాతి ఎండకాలానికి హైదరాబాద్ తాగునీళ్ళ కోసం సాగర్‌లో అత్యవసర మోటార్లు దింపవలసి వచ్చింది. మళ్ళీ 2024 ఆగస్టు మొదటి వారంలో అదే సాగర్ గేట్లు ఎత్తారు, జనం తండోపతండాలుగా కదిలారు. పోయిన ఏడు ఇదే నెలలో పోయాం, బాగుంది, ఈ ఏడూ పోదాం అనుకోవడం మన నది దగ్గర కుదరదు.

కాబట్టి మూడు అంకెలు మనసులో పెట్టుకోండి. జూరాల పూర్తి మట్టం 1,045 అడుగులు. శ్రీశైలం 885. నాగార్జునసాగర్ 590. వానకాలం మొదలైన దగ్గర్నుంచి ప్రాంతీయ వార్తల్లో, పేపర్లలో ఈ జలాశయాల మట్టాలు రోజూ చెబుతూనే ఉంటారు. రైతులు చెవి కోసుకుని వింటారు. యాత్రకు పోయేవాళ్ళూ అట్లాగే వినాలని నా కోరిక. ఎంత నీరు వస్తోంది, ఎంత వదులుతున్నారు అనే లెక్క తెలిస్తే, ఇంట్లో కూర్చునే ఏ దీవికి దారి ఉందో, ఏ దీవికి లేదో సగం తేల్చుకోవచ్చు.

ఇక కాలాల సంగతికి వద్దాం.

వానకాలం కృష్ణను చూడటానికి గొప్ప కాలం, కృష్ణ మీద పోవడానికి చెడ్డ కాలం. ఈ రెండూ కలిపి చెబుతున్నాను, విడదీసి వినవద్దు. జూన్ నెలాఖరు నుంచి ఆషాఢ గాలి లేస్తుంది. సాగర్‌లాంటి విశాలమైన నీటి మీద ఆ గాలికి అలలు తన్నుకొస్తాయి, పడవ నడిపేవాళ్ళే ఒడ్డున ఆగిపోతారు. జూలై, ఆగస్టుల్లో వరద దిగితే కురువపురానికి పుట్టీలు బంద్ అవుతాయి. దీవిలో ఉన్న పూజారులు, భక్తులు అక్కడే ఉండిపోతారు. గుర్రంగడ్డ వాళ్ళ బాధ ఇంకా పెద్దది. మనకు వరద సెలవు రోజుల సంగతి, వాళ్ళకు బతుకు సంగతి. పంతులు బడికి రాలేడు, నొప్పులొచ్చిన ఆడబిడ్డను గద్వాలకు తేవాలంటే ప్రాణాలు అరచేత పట్టుకోవాలి. ఒక వంతెన కోసం ఆ ఊరు ఏళ్ళ తరబడి ఎదురుచూసింది. వరద రోజుల్లో అక్కడికి సరదాగా పోయి, పడవ వేయమని బలవంతపెట్టకండి. వాళ్ళకున్న ఒకటి రెండు పడవలు వాళ్ళ అవసరానికే చాలవు.

అయితే ఆగస్టులో ఇంట్లోనే కూర్చోమని నేననను. ఒడ్డు మీద నిలబడి చూడండి. జూరాల ఆనకట్ట మీద గేట్ల కింద నుంచి ఎర్రటి నీళ్ళు నురగలు కక్కుతూ దూకడం చూడండి. కింద వరసగా ఉన్న పాకల్లో అప్పుడే పట్టిన చేపలను కారం దట్టించి వేయిస్తుంటారు, ఆ వాసన దూరం నుంచే కారును ఆపుతుంది. సాగర్ 26 గేట్లూ ఎత్తిన రోజు ఆ తుంపర కొత్త వంతెన దాకా వచ్చి మొహాన పడుతుంది. అక్కడికి దగ్గర్లోనే చంద్రవంక వాగు మీద ఎత్తిపోతల ఉంది, 70 అడుగుల ఎత్తు నుంచి దూకే ఆ జలపాతానికి వానకాలమే నిండుదనం. ఇవన్నీ నేల మీద కాళ్ళు ఆనించి చూసేవి. నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో సఫారీ మాత్రం జూలై నుంచి సెప్టెంబర్ దాకా ఉండదు. అది అడవి జంతువుల సంతానోత్పత్తి కాలం.

వరదలో పడవ ఎక్కితే ఏమవుతుందో గోదావరి చెప్పింది. 2019 సెప్టెంబర్ 15, ఆదివారం. పాపికొండలకు పోతున్న లాంచీ కచ్చులూరు దగ్గర మునిగింది. ఆ రోజు నదిలో 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద ఉంది. యాభై మంది దాకా పోయారు, అందులో మన తెలంగాణ నుంచి పోయిన కుటుంబాలూ ఉన్నాయి. వాళ్ళూ మనలాగే సెలవు చూసుకుని బయల్దేరినవాళ్ళే.

దసరా సెలవుల గురించి నన్ను ఎక్కువమంది అడుగుతారు. ఆకుపచ్చని చేలు, గుట్టల మీద తంగేడు పూలు, రోడ్డు పక్కన గంపల్లో బాలానగర్ సీతాఫలాలు, పాలమూరు అందమంతా ఆ రోజుల్లోనే ఉంటుంది. కాని నది విషయంలో దసరాను నేను పూర్తిగా నమ్మను. 2009ని చూడండి. ఆ ఏడు దేశమంతా కరువే. నైరుతి ముఖం చాటేసింది. సెప్టెంబర్ 28న విజయదశమి. నాలుగు రోజులు గడిచేసరికి తుంగభద్ర, కృష్ణ రెండూ ఒక్కసారిగా పొంగి కర్నూలు మునిగింది, అలంపురం మునిగింది, శ్రీశైలానికి కనీవినీ ఎరగని వరద వచ్చింది. కరువు ఏడాదిలో, వానకాలం అయిపోయిందనుకున్న రోజుల్లో! అక్టోబర్ మొదటి పక్షం దాకా కృష్ణ మాట మార్చగలదు. దసరాకు పోదలచుకుంటే అలంపురం నవబ్రహ్మ ఆలయాలు చూడండి, గద్వాల కోట చూడండి, ఎగ్జిబిషన్‌కు పోయినట్టు మెల్లగా శిల్పం శిల్పం చూడండి. దీవుల మాట మాత్రం కార్తీకానికి వాయిదా వేయండి.

దీపావళి దాటాక నది మెత్తబడుతుంది. ఎర్రనీళ్ళు తేటపడతాయి. జలాశయాలు ఇంకా నిండుగా ఉంటాయి, ఎగువ నుంచి వరద ఉండదు, గాలి తగ్గుతుంది. నీళ్ళు, గాలి, ఎండ మూడూ మనకు అనుకూలంగా కలిసి వచ్చే రోజులు ఏడాది మొత్తంలో ఇవే. శ్రీశైలం, సాగర్ నిండిన ఏళ్ళలో తెలంగాణ పర్యాటక సంస్థ సోమశిల నుంచి శ్రీశైలానికి, సాగర్ నుంచి శ్రీశైలానికి లాంచీలు వేసేది కూడా ఈ రోజుల్లోనే. సాగర్ నుంచి పొద్దున బయల్దేరితే నల్లమల కొండల నడుమ వంద కిలోమీటర్లకు పైగా నీటి మీదే ప్రయాణం. నీళ్ళు చాలని ఏడాది ఆ లాంచీ ఉండదు. అందుకే ముందు ఫోన్ చేసి కనుక్కుని కదలమంటాను.

కురువపురానికి కూడా ఇదే మంచి కాలం. పంచదేవ్‌పహాడ్ రేవులో దిగి చూడండి. వెదురు దబ్బలను గుండ్రంగా అల్లి, అడుగున గుడ్డో ప్లాస్టిక్ పట్టాయో పరిచి, పైన తారు పూసి ఎండబెట్టిన పుట్టి. పూర్వం తోలు కప్పేవారట. వెనక, ముందు అనే తేడా దానికి లేదు. ఎటు తెడ్డు వేస్తే అదే ముందు. నడిపే మనిషి ఒక పక్క మోకాళ్ళ మీద కూర్చుని తెడ్డుతో నీళ్ళను తన వైపు లాక్కుంటాడు. తెడ్డు ఆపితే పుట్టి తన చుట్టూ తాను తిరగడం మొదలుపెడుతుంది. ఎక్కేటప్పుడు ఒకేవైపు అందరూ అడుగు పెట్టకూడదు. నడుమ కూర్చున్నాక లేవకూడదు. బరువున్న మనుషులను ఎదురెదురుగా కూర్చోబెట్టి సమం చేస్తారు. చిన్నపిల్లలు ఉంటే తల్లిని అడుగు భాగంలో, పుట్టి నడుమ కూర్చోమంటారు. మార్గశిరం పొద్దున ఎనిమిదింటికి ఆ నీళ్ళ మీద సన్నని పొగమంచు ఉంటుంది. అది విడిచేదాకా పుట్టి తియ్యకపోతే విసుక్కోవద్దు. అవతలి ఒడ్డు కనబడకుండా పుట్టి తియ్యనివాడే మంచి బెస్తవాడు. ఈ నీళ్ళలో మొసళ్ళున్నాయి. ఒడ్డున ఎక్కడబడితే అక్కడ దిగి స్నానాలు చేయకండి, రేవు మనుషులు చూపించిన చోటే మునగండి.

నాగార్జునకొండ గురించి కాస్త ఎక్కువ చెప్పనివ్వండి, అది నా మనసుకు దగ్గరి చోటు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ సాగర్‌కు పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. ఈ రెండు తేదీల మధ్య ఒక లోయ మునిగిపోయింది. ఆ లోయలో క్రీ.శ. మూడు, నాలుగు శతాబ్దాల నాటి ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. 1926లో శిథిలాలను గుర్తించారు, తర్వాత పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్‌స్ట్ తవ్వకాలు నడిపారు. మునగబోతోందని తెలిశాక 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వి చూశారు. నీళ్ళకు దక్కకుండా తెచ్చిన కట్టడాలు కొన్నింటిని కొండ మీద మళ్ళీ నిలబెట్టారు. కొన్నింటిని ఒడ్డున అనుపులో పెట్టారు. వేల ఏళ్ళు కొండగా ఉన్నది మన కళ్ళముందు దీవి అయింది. లాంచీ పోతున్నప్పుడు మీ కింద ఉన్నది చెరువు కాదు, ఒక పట్టణం. వీధులు, స్నానఘట్టాలు, విహారాలు.

అక్కడ సింహళ విహారం అని ఒకటి ఉండేది. బోధిసిరి అనే ఉపాసిక అందులో బోధివృక్షానికి గుడి కట్టించింది, తామ్రపర్ణి, అంటే లంక భిక్షువుల కోసం శ్రీపర్వతం మీద చైత్యగృహం కట్టించింది. లంక దీవి మనుషులు మన లోయకు ప్రయాణం చేసిన రోజులవి. ఆ భిక్షువులకు ప్రయాణాల విషయంలో ఒక కట్టుబాటు ఉంది. ఆషాఢ పౌర్ణమి నుంచి మూడు నెలలు వర్షావాసం. ఒకే విహారంలో ఉండాలి, తిరగకూడదు. మన సన్యాసుల చాతుర్మాస్యం కూడా ఇటువంటిదే. వాగులు పొంగే రోజుల్లో, పురుగూ పుట్రా బయటికొచ్చే రోజుల్లో, పైర్లు మొలిచే రోజుల్లో దారి పట్టవద్దని. వాన వెనకబట్టాకే వాళ్ళు మళ్ళీ నడక మొదలుపెట్టేవారు. కార్తీకం నుంచి పొమ్మని నేను చెబుతున్నది కొత్త మాటేం కాదు. ఈ నది ఒడ్డున పదిహేడు వందల ఏళ్ళ కిందటే అమల్లో ఉన్న మాట.

ఆ లంకకే ఇప్పుడు సెలవులకు పోయేవాళ్ళున్నారు. అక్కడ కారు మాట్లాడుకుని దీవి చుట్టూ తిరుగుతారు. అక్కడా నెల చూసి పోతే చాలదు, దిక్కు చూడాలి. మే నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి వాన కొలంబో వైపు తడుపుతుంటే తూర్పున ట్రింకోమలీ పొడిగా ఉంటుంది. డిసెంబర్, జనవరిల్లో తూర్పు తడుస్తుంది, పడమర తీరం పొడిబడుతుంది. ఒక చిన్న దీవికే రెండు కాలాలున్నప్పుడు, మూడు ఆనకట్టల నడుమ పరుచుకున్న మన కృష్ణకు ఒక్క కాలం ఎట్లా చాలుతుంది? కురువపురానికి మంచి రోజులు సంగమేశ్వరానికి మంచి రోజులు కావు. ఇది చాలామందికి తెలియక చలికాలంలో సోమశిలకు పోయి, గుడి ఏదని అడిగి, నీళ్ళ కింద ఉందని తెలిసి వెనక్కి వస్తుంటారు.

సంగమేశ్వరం శ్రీశైలం జలాశయం కడుపులో ఉంది. 1980ల మొదట్లో ఆ ఆనకట్ట నిండాక పాలమూరు, కర్నూలు జిల్లాల ఊళ్ళు మునిగాయి, గుళ్ళు మునిగాయి. కొన్ని గుళ్ళను రాయి రాయి విప్పి ఎత్తు మీదికి తెచ్చారు. అలంపురంలో మీరు చూసే కూడలి సంగమేశ్వరాలయం అట్లా తరలి వచ్చిందే. సోమశిలలోని లలితా సోమేశ్వరుడూ అట్లా ఒడ్డెక్కినవాడే. సప్తనదుల సంగమేశ్వరుడు మాత్రం అక్కడే ఉండిపోయాడు. ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్ళలోనే. శ్రీశైలం మట్టం 840 అడుగుల దరిదాపులకు దిగితే గుడి బయటపడుతుంది. ముందు శిఖరం, తర్వాత గోడలు, చివర గర్భగుడి. పూజారులు వచ్చి మోకాలి లోతు ఒండ్రు ఎత్తిపోసి, గోడలు కడిగి, దీపం పెడతారు. లోపలున్నది వేపమొద్దు లింగం. ఇన్నేళ్ళుగా ప్రతి ఏడూ నీళ్ళలో నాని, ప్రతి ఏడూ ఎండకు ఆరి, అట్లాగే ఉంది. చుట్టూ నేల పలకలు పలకలుగా పగిలి, ఆ పగుళ్ళలో ఆల్చిప్పలు మెరుస్తుంటాయి. కొన్ని ఏళ్ళు శివరాత్రికే గుడి తేలుతుంది, కొన్ని ఏళ్ళు ఉగాది దాటినా తేలదు. వరద రాగానే చివరి హారతి పడవ మీద నుంచి ఇస్తారు.

అంటే సంగమేశ్వరానికి ఎండకాలం పోవాలి. ఫాల్గుణంలో తేలిన ఏడాదైతే మీ అదృష్టం. అప్పటికి ఎండలు ముదరవు, నల్లమల దారి పొడుగునా మోదుగు పూలు విరగబూసి ఉంటాయి. ఏప్రిల్‌లో పోతే తెల్లవారుజామునే సోమశిల రేవులో ఉండండి, పది గంటలకల్లా తిరిగి రండి. ఆ బురదనేల మీద నీడ ఉండదు, తాగునీళ్ళు దొరకవు. తిరుగు దారిలో కొల్లాపూర్ మామిడి కొనుక్కోండి, ముంజలు తినండి. మే నెల రోహిణి కార్తెలో మాత్రం వద్దు. రోహిణిలో రోళ్ళు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. మన రాతినేలలో ఆ ఎండ కింది నుంచి కూడా కొడుతుంది. పిల్లలను, పెద్దవాళ్ళను ఆ ఎండలో తిప్పడం మంచిది కాదు.

ఎండకాలంలోనే ఇంకొకటుంది, అది దీవి కాకపోయినా చెప్పకుండా ఉండలేను. చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరం జాతర. ఏడాదంతా మూసి ఉండే అడవి దారి ఆ కొద్ది రోజులే తెరుస్తారు. చెంచులు పూజించే లింగమయ్యను చూడటానికి జనం లోయలోకి దిగుతారు. కాలం మనం ఎంచుకునేది కాదని, చోటే మనకు కాలం చెబుతుందని అక్కడికి పోతే తెలుస్తుంది.

రద్దీ సంగతి కూడా చెప్పాలి. చలికాలం మంచిదన్నాను కదా, అందులోనూ కొన్ని రోజులు వదిలేయండి. కార్తీక సోమవారాలు, కార్తీక పౌర్ణమి, మహాశివరాత్రి వారం, ఉగాది ముందు కన్నడ భక్తులు కాలినడకన వచ్చే రోజులు, ఈ రోజుల్లో శ్రీశైలం దారి కిక్కిరిసి ఉంటుంది. భక్తితో పోయేవాళ్ళు పోవలసిందే. తిరిగి చూడాలని పోయేవాళ్ళు ఆ రోజులు వాళ్ళకు వదిలిపెడితే ఇద్దరికీ మేలు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర అడవి దారి మూసేస్తారు. సాయంత్రం ఆలస్యంగా బయల్దేరి అక్కడ గేటు ముందు రాత్రంతా కారులో కూర్చున్న కుటుంబాలను చూశాను. నాగార్జునకొండ మ్యూజియంకు శుక్రవారం సెలవు. లాంచీ టికెట్ కొనేముందు వారం గుర్తుపెట్టుకోండి.

చివరగా, మంచి కాలం చూసుకున్నాం కదా అని నిశ్చింతగా ఉండేవాళ్ళకు ఒక మాట. 2007 జనవరి. వరద లేదు, గాలి లేదు, నది నిదానంగా ఉండే రోజులే. కొల్లాపూర్ ప్రాంతంలో మంచాలకట్ట దగ్గర కృష్ణ దాటుతున్న పడవ మునిగి అరవై మంది దాకా ప్రాణాలు పోగొట్టుకున్నారు. మోయగలిగినదానికి మించి జనం ఎక్కారు. ఎంత చక్కని కాలమైనా పడవ మోసేది పడవ మోసేంతే. సాగర్ వెనక నీళ్ళలో నేరెడుగొమ్ము వైపు వైజాగ్ కాలనీకి ఇప్పుడు ఆదివారాలు పట్నం కుర్రవాళ్ళు కార్లేసుకుని వస్తున్నారు. ఆనకట్ట కట్టేటప్పుడు విశాఖ నుంచి పనికొచ్చి స్థిరపడినవాళ్ళ ఊరది, ఒడ్డునే చేపలు కాల్చి పెడతారు, అందమైన చోటు. అక్కడ నీళ్ళు ఒడ్డు దగ్గర మోకాలి లోతు, నాలుగడుగులు వేస్తే నిలువు లోతు. కింద మునిగినవి కొండ వాలులు కదా. ఈత వచ్చినా దిగకండి.

నన్ను ఒక్క కాలం చెప్పమంటే ఇదీ నా మాట. కార్తీక పౌర్ణమి వెళ్ళిన మర్నాటి నుంచి సంక్రాంతికి ముందు వారం దాకా. ఆ మధ్యలో మార్గశిరం అన్నిటికంటే మేలు. మక్తల్‌లో మొదలుపెట్టి కురువపురం, జూరాల, అలంపురం, సోమశిల, శ్రీశైలం, చివర నాగార్జునకొండ. సంగమేశ్వరానికి మాత్రం ఫాల్గుణ, చైత్రాల్లో మళ్ళీ ఒకసారి విడిగా పోవాలి. బయల్దేరే ముందురోజు జలాశయాల మట్టాలు, వదులుతున్న నీళ్ళ లెక్క వినండి. వరద ఉందని తెలిస్తే ప్రయాణం మార్చుకోండి. రేవులో లైఫ్ జాకెట్ అడగండి, పిల్లల కొలతది అడగండి. లేదంటే ఆ పడవ ఎక్కకండి, డబ్బు కట్టినా సరే దిగిపోండి.